ఎవరికి ఏ సిస్టమ్?

కొత్త ల్యాప్‌టాప్ కావాలని టికెట్ వచ్చిందంటే వెంటనే స్టోర్ తాళం తియ్యకు. ముందు ఆ మనిషి సీటు దగ్గరికి వెళ్లు. పక్కన కుర్చీ లాక్కుని అరగంట కూర్చో. "మీ పని మీరు చేసుకోండి, నేను ఊరికే చూస్తాను" అను. మొదట కాస్త బిగుసుకుపోతారు, తర్వాత నువ్వున్న సంగతే మర్చిపోతారు. అసలు జబ్బు అప్పుడు బయటపడుతుంది. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో సిస్టమ్స్ కేటాయించే పనిలోనే నా జుట్టు నెరిసింది. నాకొచ్చిన విద్యలో సగం ఆ పక్క కుర్చీలో నేర్చుకున్నదే.

ఆ అలవాటు చేసింది మా బాబాయ్. సొంత బాబాయ్ కాదు, స్టోర్స్ చూసే పెద్దాయన్ని ఫ్లోరంతా అలాగే పిలిచేవాళ్లం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అక్కడ మదర్‌బోర్డులు రిపేరు చేసి వచ్చిన చెయ్యి ఆయనది. హార్డ్ డిస్క్ చప్పుడు విని అది ఇంకెంతకాలం బతుకుతుందో చెప్పేవారు.

ఎవరైనా "సిస్టమ్ స్లో" అంటే ఆయన "ఏది స్లో?" అని అడిగేవారు. ఆన్ అవడమా, ఫైల్ తెరుచుకోవడమా, నెట్టా? టాస్క్ మేనేజర్ తెరిచి అసలు పని జరిగే టైంలో చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఏ సిస్టమైనా బుద్ధిమంతుడే. మెమరీ నిండిపోతే ర్యామ్ వెయ్యి. డిస్క్ నూటికి నూరు దగ్గర నిలబడి, లోపల తిరిగే పాత డిస్క్ ఉంటే, దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టు. చెత్త కింద రాసేసిన ల్యాప్‌టాప్‌లు ఆ ఒక్క మార్పుతో మళ్లీ ఫ్లోర్ మీదికి వచ్చాయి. ఇప్పుడొచ్చే పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేవు. కాబట్టి కొనేటప్పుడే కాస్త ఎక్కువ అడుగు. కొనుగోలు విభాగం వాళ్లు నసుగుతారు, నసగనీ.

నెలాఖరు వస్తే అకౌంట్స్ వాళ్లతో ఇదే గొడవ. ఒకావిడ ఎక్సెల్ మాటిమాటికీ చచ్చిపోతోందని కొత్త ల్యాప్‌టాప్‌కి ఇండెంట్ పెట్టింది. చూస్తే ఆవిడ సిస్టమ్‌లో పదహారు జీబీ ర్యామ్ ఉంది, అందులో సగం ఖాళీ. దోషం ఎక్సెల్‌ది. అది 32 బిట్ వెర్షన్. నువ్వెంత ర్యామ్ పోసినా అది మహా అయితే నాలుగు జీబీ, మరీ పాతదైతే రెండు జీబీ దాటి ముట్టుకోదు. ఆఫీస్ తీసేసి 64 బిట్‌ది వేశాను. వేసేముందు పాత యాడ్-ఇన్‌లు దాంట్లో పనిచేస్తాయా అని తప్పకుండా చూసుకో, లేకపోతే రేపు పొద్దున టాక్స్ రిపోర్ట్ రాదు, నీ పేరు మోగిపోతుంది. రూపాయి ఖర్చు లేకుండా ఆ టికెట్ మూసినందుకు బాబాయ్ టీ ఇప్పించారు.

నా మొదటి గెలుపు మాత్రం మానిటర్లది. బిల్లింగ్ టీమ్ మొత్తానికి కొత్త ల్యాప్‌టాప్‌లు కావాలని వాళ్ల లీడ్ గట్టిగా పట్టుబట్టాడు. పక్కన కూర్చుని చూస్తే, పాపం, వాళ్లు రోజంతా ఒక విండోలో స్కాన్ కాపీ చదివి, ఇంకో విండోలోకి పోయి అంకెలు కొడుతున్నారు. ఆల్ట్ ట్యాబ్, ఆల్ట్ ట్యాబ్. మధ్యలో అంకె మర్చిపోయి మళ్లీ వెనక్కి. ల్యాప్‌టాప్ వేగానికీ ఈ అవస్థకీ సంబంధమే లేదు. స్టోర్‌లో దుమ్ము కొట్టుకుపోతున్న పాత మానిటర్లు తీయించి, తుడిచి, ఒక్కో సీటుకి ఒక్కోటి బిగించాం. నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డులు కూడా ఇచ్చాం. రాత్రి కేబుళ్లు సర్దింది నేనొక్కణ్నే కాదు, హౌస్‌కీపింగ్ కుర్రాళ్లూ చెయ్యి వేశారు. ఆ వారంలోనే లీడ్ తన ఇండెంట్ తనే వెనక్కి తీసుకున్నాడు. ఈ వృత్తిలో అంతకు మించిన మెడల్ ఉండదు.

ఇక హోదా సంగతి. ఆఫీసులో అన్నిటికన్నా బలమైన సిస్టమ్ సాధారణంగా మెయిల్ తప్ప ఏదీ తెరవని క్యాబిన్‌లో ఉంటుంది. కోడ్ బిల్డ్ చేసే పిల్ల మాత్రం నాలుగేళ్లనాటి డబ్బా ముందు కూర్చుని, బిల్డ్ అయ్యేలోపు రెండు కాఫీలు తాగుతుంది. దీనిమీద యుద్ధానికి దిగకు, ఓడిపోతావు. బాబాయ్ ఉపాయం వేరు. "పెద్దవాళ్లకి బరువు తక్కువ, స్క్రీన్ అందం ఎక్కువ ఉన్నది ఇవ్వరా. ఇంజిన్ మాత్రం పని చేసేవాళ్లకి ఇవ్వు" అనేవారు. సన్నగా, వెండిరంగులో మెరిసేది చేతికిస్తే పెద్దసార్లు సంతోషంగా తీసుకునేవాళ్లు. ప్రాసెసర్ ఏమిటని అడిగినవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. సపోర్ట్ ఫ్లోర్‌లో అయితే ల్యాప్‌టాప్ కన్నా ముందు మంచి హెడ్‌సెట్ ఇవ్వు. పక్క సీటు గొంతు కస్టమర్ చెవిలో పడితే ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. ఆ ఆలస్యం ఏ రిపోర్ట్‌లోనూ కనిపించదు.

పోర్టు ఆకారం చూసి మోసపోకు. నేను పనిచేసిన ఒక చోట కొనుగోలు వాళ్లు డాకింగ్ స్టేషన్లు అట్టపెట్టెలకొద్దీ దింపారు. ల్యాప్‌టాప్‌లకి టైప్-సీ ఉంది, డాక్‌కీ టైప్-సీ ఉంది, ఇంకేం కావాలి? బిగిస్తే మౌస్ కదిలింది, మానిటర్ వెలగలేదు. అన్ని టైప్-సీ పోర్టులూ డిస్‌ప్లే ఇవ్వవు. స్పెసిఫికేషన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అని ఉందో లేదో చూడాలి. అందుకే ముందు ఒక్కటి తెప్పించు, బిగించు, తర్వాతే ఆర్డర్.

2020 మార్చి నాకు కేటాయింపు అంటే ఏమిటో మళ్లీ మొదటినుంచి నేర్పింది. అంతవరకూ కాల్ సెంటర్ సీటుని ఇంటికి పంపడానికి టెలికాం శాఖ ఓఎస్‌పీ నిబంధనలు అడ్డం. ఆ నెలలోనే సడలించారు. టవర్లు, మానిటర్లు దుప్పట్లలో చుట్టి ఆటోల్లో, కార్ల డిక్కీల్లో పంపాం. ఎవరికి డెస్క్‌టాప్, ఎవరికి ల్యాప్‌టాప్ అన్నది టీమ్ చూసి కాదు, కరెంటు చూసి తేల్చాం. ఇన్వర్టర్ ఉన్న సిటీ ఫ్లాట్‌కి డెస్క్‌టాప్ చాలు. శ్రీకాకుళం వైపు ఊరికి పోయేవాళ్లకి బ్యాటరీ గట్టిగా ఉన్న ల్యాప్‌టాప్ పడాలి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, పుట్టినప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు మిగిలిందెంత రెండూ చూపిస్తుంది. డేటా కార్డులు మాత్రం అందరికీ ఒకే కంపెనీవి వెళ్లాయి, టోకున చవకని. గోదావరి పక్క పల్లెలో ఒకమ్మాయి డాబా మెట్లమీద కూర్చుని కాల్స్ తీసుకుంది, సిగ్నల్ అక్కడే వస్తుందని. ఆ తర్వాత "మీ ఊళ్లో ఏ ఫోన్ బాగా పలుకుతుంది?" అని అడగకుండా ఎవరికీ కార్డు ఇవ్వలేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మద్దతు ముగిసినప్పుడు ఇంకో హడావుడి. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి ఒప్పుకుంటుంది. చెక్ చేసే టూల్ ఎర్రగుర్తు చూపించిందని సిస్టమ్‌ని పక్కన పడెయ్యకు. బయోస్‌లోకి వెళ్లి చూడు. చాలాసార్లు టీపీఎమ్ ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్‌లో దాన్ని పీటీటీ అంటారు, ఆన్ చేస్తే సరి. నిజంగా పనికిరానివాటి డిస్క్ పూర్తిగా తుడిచి, అధీకృత రీసైక్లర్‌కే ఇవ్వు. గుజిలీకి అమ్మితే కంపెనీ డేటా ఏ వీధిలో తేలుతుందో తెలియదు.

స్పేర్ పూల్ ఎప్పుడూ వండి ఉంచిన అన్నంలా ఉండాలి. ఛార్జ్ చేసి, అప్‌డేట్లు వేసి, అసెట్ ట్యాగ్ అంటించి పెట్టు. మూడు నెలలు అల్మారాలో పడున్న ల్యాప్‌టాప్ కొత్తగా చేరినవాడి చేతికిస్తే, మొదటిరోజు సగం అప్‌డేట్లు తిరగడం చూస్తూనే గడిపేస్తాడు. ఛార్జర్‌కి కూడా ట్యాగ్ వెయ్యి. ల్యాప్‌టాప్‌లు తిరిగొస్తాయి, ఛార్జర్లు రావు.