పెరటి ఛాంబరు

జూలై 4

వంటింట్లో ఒక్కటీ లేదు. అన్నీ పెరట్లోనే. రాత్రి తొమ్మిది దాటాక వెనక దీపం వేస్తే చాలు, గోడవారన, నూతి పళ్లెం దగ్గర ఎర్రటి పెద్ద బొద్దింకలు చెల్లాచెదురుగా పరుగులు తీస్తాయి. మెడ మీది పలక చుట్టూ పసుపు అంచు. అలమారల్లో చేరే చిన్న రకం, జర్మన్ బొద్దింక అంటారే, అది కాదు. అది మనిషి ఇంట్లోని వెచ్చదనం విడిచి ఉండదు. ఈ పెద్దది ఆఫ్రికాలో పుట్టి, ఓడల్లో సరుకుల వెంట లోకమంతా పాకింది. దీనికి మురుగు గొట్టాలే ఊరూ వాడా.

అత్తయ్యగారి మంచం వెనక వసారాలో. ఈ ఉక్కకి ఆవిడ లోపల పడుకోలేరు. పైగా ఉబ్బసం. బొద్దింకల రెట్ట, అవి విడిచిన పొరలు ఎండి పొడై గాలిలో కలిస్తే ఉబ్బసం రేగుతుంది. పోనీ స్ప్రే కొడదామా అంటే దానికీ ముందు ఆవిడకే దగ్గు అందుకుంటుంది. అందుకే మందుతో మొదలుపెట్టను. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు తేలాలి.

జూలై 5

పాత పచ్చడి సీసాలు కడిగి ఆరబెట్టాను. ఒక్కోదానిలో బాగా మగ్గిన చక్రకేళి ముక్క, కాస్త బెల్లం. మూతి లోపలి అంచుకి చుట్టూ వ్యాజిలీన్. లోపలికి దిగింది పైకి పాకలేదు. నున్నటి గాజు ఎక్కడానికి పట్టు దొరకాలని బయట పేపరు చుట్టాను. ఒకటి మురుగు ఛాంబరు పక్కన, ఒకటి కొబ్బరి డొక్కల పోగు దగ్గర, ఒకటి పూలకుండీల మధ్య, ఒకటి మోటారు గూట్లో. వీటితో బొద్దింకల సంఖ్య తగ్గదు. ఎక్కడ ఎక్కువ పడితే జాడ అక్కడ.

జూలై 6

ఛాంబరు పక్క సీసా చూడగానే ఒళ్లు జలదరించింది. పెద్దవాటితో పాటు రెక్కలు రాని పిల్లలు కూడా. పిల్లలున్నాయంటే పుట్టేచోటు అక్కడే. డొక్కల దగ్గర కొన్ని. మోటారు గూట్లో ఏమీ లేవు.

కుండీల దగ్గర పడింది వేరే జాతి. పొట్టిగా, నల్లగా, మట్టిలో దూరే రకం. ఆకుల చెత్తలో బతుకుతుంది, ఇంట్లోకి వచ్చినా నిలవదు. దాన్ని మళ్లీ కుండీ కిందే వదిలేశాను. తోటలో కనబడిన ప్రతి బొద్దింకా ఇంటికి శత్రువు కాదు. తెలిసిన 4,500కు పైగా జాతుల్లో మనుషుల ఇళ్లని పట్టుకుని ఉండేవి ముప్పై దాకా మాత్రమే. మిగతావాటిలో చాలావరకు అడవుల్లో రాలిన ఆకునీ పుచ్చిన కట్టెనీ మట్టిలో కలిపే పనిలో ఉంటాయి.

జూలై 9

టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం కట్టి రాత్రి పెరట్లో కూర్చున్నాను. ఎర్ర వెలుతురు వాటి కంటికి ఆనదు, బెదరకుండా తమ పని తాము చేసుకుంటాయి. ఛాంబరు మూత ఒక మూల విరిగి ఉంది. ఆ సందులోంచి వరసగా వస్తున్నాయి. ముందు మీసాలు, ఆగి గాలి పసిగట్టడం, తర్వాత ఒళ్లంతా బల్లపరుపు చేసుకుని బయటికి. కొన్ని డొక్కల వైపు, కొన్ని గోడ వెంట తిన్నగా వసారా మెట్టు వైపు. దారి ఇంత స్పష్టంగా కనబడ్డాక ఇక గోడలన్నీ తడిపే మందు దేనికి?

డొక్కలు కదిపితే గుడ్ల సంచులు దొరికాయి. చింతగింజ రంగు, దానికన్నా చిన్నవి. ఒక్కోదానిలో పదిహేను దాకా గుడ్లు. తల్లి దాన్ని ఏ సందులోనో అంటించి వెళ్లిపోతుంది. పొదగడానికి నెలన్నర, రెండు నెలలు. పైన కొట్టిన మందు ఆ పెంకు దాటి లోపలికి పోదు. మందు కొట్టించిన ఇళ్లలో రెండు నెలలకి మళ్లీ మొదలయ్యేది ఇందుకే.

జూలై 10

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి పలకరించారు. “ఏమ్మా, రాత్రిళ్లు టార్చి పట్టుకుని తిరుగుతున్నావు? మందు కొట్టేవాళ్లని పిలిపించరాదూ!”

“ఛాంబరులో ఉన్నవి దానితో చావవు పిన్నిగారూ. గోడల చుట్టూ కొడితే ఆ ఘాటుకి లోపలికి దారి వెతుక్కుంటాయి. అత్తయ్యగారికేమో ఆయాసం.”

ఆవిడకి నచ్చలేదు. నచ్చజెప్పాలి, గొట్టం రెండిళ్లకీ ఒకటే.

స్నానాలగది కిటికీ మీద నల్ల కందిరీగ ఒకటి కనబడింది. ఇవానియా ప్రజాతిది. చిన్న పొట్టని జెండాలా పైకీ కిందికీ ఆడిస్తుంది. బొద్దింక గుడ్ల సంచిలో గుడ్డు పెడుతుంది, దాని పురుగు లోపలి గుడ్లన్నీ తినేసి రెక్కలతో బయటికొస్తుంది. మన జోలికి రాదు. తెలియక జనం చీపురుతో కొట్టేస్తారు. నాకైతే ప్రాణం విలవిల్లాడుతుంది. మన పని మనకన్నా ముందే మొదలుపెట్టిన జీవి అది. కిటికీలకి మందు కొడితే ముందు చచ్చేదీ అదే.

జూలై 13

మేస్త్రీ వచ్చాడు. మూత చూసి, “దీనికి మాలు పూసినా నిలవదమ్మా, కొత్తది వేసేద్దాం” అన్నాడు. సిమెంటుతో మూసేయొద్దన్నాను, రేపు గొట్టం పూడుకుంటే తియ్యాలి కదా. కొత్త మూత దించి, చట్రం అంచుల్లో గ్రీజు దట్టంగా పూశాడు. సందు మూసుకుపోయింది, కావలసినప్పుడు లేస్తుంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నటి జాలి కట్టాడు. దోమలకీ అదే అడ్డు. వంటింటి సింకు గొట్టం గోడలో దిగేచోట అరచెయ్యి పట్టేంత బొక్క ఉంది, అదీ పూడ్చాడు.

డొక్కలన్నీ గుడ్ల సంచులతో సహా కాల్చేశాను. గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. వానలు ముదిరి మురుగు పొంగితే గొట్టాల్లో ఉన్నవన్నీ పైకే వస్తాయి. ఈలోపే ఈ పని అయిపోవడం మంచిదైంది.

జూలై 14

మేడ మీది గది స్నానాలగదిలో నీళ్లు వాడి ఎన్నాళ్లయిందో. నహానీ ట్రాపులో నిలవ నీరు ఎండిపోయింది. మురుగుకీ ఇంటికీ మధ్య అడ్డు ఆ కాసిని నీళ్లే. అవి లేకపోతే గొట్టం మెట్లదారే. చెంబెడు నీళ్లు పోశాను. ఇకనుంచి వారానికోసారి పొయ్యాలి. వేసవిలో ఊరు వెళ్లొచ్చినవాళ్లకి తలుపు తియ్యగానే బొద్దింకలు కనబడటానికి చాలాసార్లు ఇదే కారణం.

జూలై 21

సీసాలు మళ్లీ పెట్టి చూశాను. ఛాంబరు పక్కన పెద్దవి రెండు మూడు, పిల్లలు లేవు. మెట్టు దగ్గర ఏమీ లేదు. సామాను గదిలో మాత్రం ఒకటి కనబడింది. అక్కడ పొడిగా ఉంటుంది కాబట్టి పెట్టెల వెనక బోరిక్ పౌడర్ చల్లాను, క్యారమ్ బోర్డు మీద చల్లేదే. పలచగా, కనీకనబడనట్టు చల్లాలి. కుప్పగా పోస్తే పక్కనుంచి పోతాయి. కాళ్లకి అంటుకున్న పొడిని శుభ్రం చేసుకుంటూ మింగి చస్తాయి. తడిస్తే పనికిరాదు, అందుకే పెరట్లో వాడలేదు. ఇంటికి చిన్నపిల్లలొచ్చినప్పుడు ఆ గదికి తాళం వెయ్యాలి.

జూలై 27

పిన్నిగారి పెరట్లో ఛాంబరు మూత అసలు లేదు, రేకు ముక్క కప్పి ఇటుక పెట్టారు. ఇవాళ ఆవిణ్ణి పిలిచి మా సీసాలు చూపించాను, అప్పటివీ ఇప్పటివీ. చాలాసేపు చూశారు. “సరే, మీ మేస్త్రీనే పంపు. ఖర్చు మాదే” అన్నారు. వద్దు, సగం మేమిస్తామన్నాను. ఆదివారం పొద్దున ఏడింటికి రమ్మని కబురు పెట్టాను. రెండడుగుల మూత, గ్రీజు డబ్బా, వాళ్ల గాలి గొట్టానికి జాలి తెస్తాడు.