నీళ్ళు తగ్గిన కాలువ

ఎండాకాలం సెలవులకు వారం ముందు మా బడి పిల్లల్ని కె.సి. కాలువ కట్ట మీదికి తీసుకుపోయాం. రవాణా పాఠం చెప్పాలి. రోడ్డు చూశారు, రైలు చూశారు, విమానం ఆకాశంలో చూశారు. పడవ మాత్రం చూడలేదు. పడవ చూపించలేకపోయినా పడవలు తిరిగిన చోటు చూపిద్దామనుకున్నాం.

కాలువలో నీళ్ళు లేవు. అడుగున అక్కడక్కడా పాచి పట్టిన మడుగులు, వాటిలో రెండు బర్రెలు, రెండు గట్ల మీదా కంపచెట్లు. "ఒకప్పుడు ఇందులో సరుకుల పడవలు తిరిగేవి" అని చెప్పగానే పిల్లలంతా నవ్వారు. ఒక పిల్లాడు చెప్పులు విడిచి కాలువలోకి దిగి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచి చూపించాడు. మోకాలు కూడా తడవలేదు. "సార్, పడవ ఇక్కడ ఎట్ల పోతాది? పడవనే మనం మోసుకోని పోవాల్సొస్తాది" అన్నాడు.

వాడు వేసిన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నూట అరవై ఏళ్ళు వెనక్కి పోవాలి. ఆ కథలో మన తాతల కథ కూడా ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కర్నూలు-కడప కాలువను తవ్వింది ప్రభుత్వం కాదు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ. పెట్టుబడి మీద ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. సరుకుల రవాణాకు రైలు కంటే కాలువే చవక అని ఆయన గట్టి నమ్మకం. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కాలువను కర్నూలు మీదుగా కడపకు తెచ్చి, అక్కడి నుంచి సముద్రం దాకా తీసుకుపోవాలన్నది తొలి ఆలోచన. 1860లలో పని మొదలై 1871 నాటికి కడప దాకా కాలువ వచ్చింది. పొడవు 190 మైళ్ళు, అంటే 300 కిలోమీటర్ల పైమాట. కర్నూలు ఊరి దగ్గర హంద్రీ నదిని మీద నుంచి దాటుతుంది. ఆ తర్వాత నిప్పులవాగు, గాలేరు, కుందూల దారులు కూడా వాడుకుంటూ కడప జిల్లాలోకి దిగుతుంది. కడప పక్కన కృష్ణరాజపురంతో ఆగిపోతుంది. సముద్రం దాకా మాత్రం పోలేదు.

పడవల కోసమే ఆ కాలువకు లాకులు కట్టారు. లాకిన్సుల అనే పేరులో ఆ లాకు ఇప్పటికీ వినిపిస్తుంది. లాకు ఎట్లా పనిచేస్తుందో పిల్లలకు కాలువలోనే ఇసుకతో కట్టి చూపించాం. సుంకేసుల ఎత్తులో ఉంది, కడప పల్లంలో ఉంది. కాలువ అక్కడక్కడా మెట్టు దిగాలి. నీళ్ళయితే దూకుతాయి, పడవ దూకలేదు. అందుకని ఆ మెట్టు దగ్గర ఒక గది లాగా కట్టి, ముందొక తలుపు, వెనకొక తలుపు పెడతారు. పై తలుపు తీస్తే పడవ గదిలోకి వస్తుంది. తలుపు మూసి గదిలోని నీళ్ళను కిందికి వదిలితే నీళ్ళతో పాటు పడవ కూడా మెల్లగా దిగుతుంది. అప్పుడు కింది తలుపు తీస్తారు. ఎక్కాలంటే ఇదే పని తలకిందులుగా.

ఇందులో ఒక కిటుకు ఉంది. పడవ ఒక్కసారి లాకు దాటిందంటే ఒక గదిలో పట్టే నీళ్ళు పై నుంచి కిందికి పోతాయి. ఇంగ్లాండులో ఏడడుగుల వెడల్పుండే సన్నటి పడవల కోసం కట్టిన చిన్న లాకులోనే లక్ష లీటర్లకు పైగా పడతాయి. నీళ్ళు పుష్కలంగా ఉంటే ఇదొక లెక్క కాదు. నీళ్ళు తగ్గిన రోజున ప్రతి పడవా ఒక చెరువును ఖర్చు పెట్టినట్టే. ఆ దేశంలో ఇప్పుడు సరుకులు పెద్దగా పోవు, సరదాగా తిరిగేవాళ్ళు, పడవలోనే కాపురముండేవాళ్ళు ఉంటారు. వానలు రాక 2025లో అక్కడి లీడ్స్-లివర్‌పూల్ కాలువలో చాలా దూరం పడవల్ని ఆపేశారు. ఆ కాలువ పొడవు 127 మైళ్ళు. మన కాలువ అంతకంటే పొడవు అని చెప్పగానే పిల్లల ముఖాలు వెలిగాయి. వానల దేశంలోనే అట్లా ఉంటే మన సీమలో ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక మా పిల్లాడి ప్రశ్నకు వద్దాం. పడవలు ఎందుకు ఆగిపోయాయి?

ఒకటి, తుంగభద్ర వానాకాలపు నది. 1953లో హోస్పేట దగ్గర డ్యాము పూర్తయ్యేదాకా ఆ నది నీళ్ళను పట్టి ఉంచే పెద్ద జలాశయం లేదు. సుంకేసులలో ఉన్నది నీళ్ళను పక్కకు మళ్ళించే ఆనకట్టే. ఇవాళ అక్కడ బ్యారేజీ ఉన్నా పట్టేది 1.2 టీఎంసీలే. పంట చేతికొచ్చి సరుకు కదిలేది సంక్రాంతి తర్వాత. నదిలో నీళ్ళు తగ్గేది కూడా సంక్రాంతి తర్వాతే. సరుకున్నప్పుడు నీళ్ళు లేవు, నీళ్ళున్నప్పుడు సరుకు లేదు.

రెండు, ఒకే కాలువ ఇద్దరికి కావాలి. పడవకు నీళ్ళు నిలవాలి, పొలానికి నీళ్ళు పారాలి. పైన తూములు ఎత్తితే కింద మట్టం పడిపోతుంది. కడప ఈ కాలువకు కొన. కొనకున్నవాళ్ళకు నీళ్ళు ఎప్పుడూ ఆఖరునే. ఇది పడవల కాలం నుంచి ఇవాళ్టి వంతుల కాలం దాకా మారలేదు.

మూడు, రైలు. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు దారి పూర్తయింది కూడా 1871లోనే. రైలు సరుకును నేరుగా మద్రాసు రేవుకు చేరుస్తుంది. పడవ కడపలో దింపితే అక్కడి నుంచి మళ్ళీ బండి కట్టాలి. కంపెనీ నష్టాల్లో మునిగింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. 1930ల మొదట్లో పడవలకు పూర్తిగా స్వస్తి చెప్పి దాన్ని సాగు కాలువగానే ఉంచారు. ఇవాళ దాని కింద రెండు లక్షల అరవై ఐదు వేల ఎకరాల ఆయకట్టు ఉంది. బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు కేటాయించింది. కాగితం మీది లెక్క అది. ఎండాకాలంలో కట్ట మీద నిలబడి చూస్తే కనిపించే లెక్క వేరు.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది మా తాత చెప్పాడు. చిన్నప్పుడు ఆయన కట్ట మీద గొడ్లను మేపేవాడు. పడవకు తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగడం చూశాడు. నీళ్ళు తగ్గితే పడవ అడుగు నేలకు తగిలి నిలిచిపోయేది. సగం మూటలు గట్టున దించి, తేలికైన పడవను ముందుకు జరిపి, మళ్ళీ మూటల్ని మోసుకొచ్చి ఎక్కించేవారట. అది చెప్పేటప్పుడు తాత ఒక మాట అనేవాడు: "పడవ నిలబడి పోయినప్పుడు వాళ్ళు మన ఎద్దుల్ని అడిగినారు. అప్పటికి మనకాడ ఎద్దులు యాడుండాయి?"

ఆ మాట అర్థం కావడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

మేము సుగాలీలం. లదెణి మా తాతముత్తాతల బతుకు. వందల ఎద్దుల వీపుల మీద గోనెలు వేసుకుని సముద్రం వైపు నుంచి ఉప్పు తెచ్చి మెట్ట సీమలకు ఇచ్చి, అక్కడి ధాన్యం ఎత్తుకుని ఇంకోచోటికి పోయేవాళ్ళు. శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లీషు సైన్యాలు కూడా మావాళ్ళ ఎద్దులు మోసిన ధాన్యమే తిన్నాయి. గుత్తి దగ్గర 1739లో పుట్టారని మేము కొలుచుకునే సేవాలాల్ మహరాజ్ కథల నిండా ఎద్దుల మందలే. వానాకాలంలో లదెణి ఆగేది. బురదలో ఎద్దులు నడవలేవు, ఏరులు దాటలేవు. నీళ్ళు తగ్గాక, ఏట్లో ఇసుక కనపడ్డాక మావాళ్ళు బయలుదేరేవాళ్ళు. అంటే పడవ ఆగిపోయే కాలమే మాకు నడిచే కాలం. నీళ్ళు తగ్గడం మాకు కష్టం కాదు, దారి తెరుచుకోవడం.

రోడ్లు, రైళ్ళు, కాలువలు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. దాంతో పాటు ఉప్పు పన్నులు, అడవి చట్టాలు, ధాత కరువు కూడా వచ్చిపడ్డాయి. కాలువ కడపకు చేరిన 1871లోనే నేరస్థ తెగల చట్టం వచ్చింది. అది మద్రాసు రాష్ట్రంలోకి 1911లో వచ్చింది. సరుకు మోసినన్నాళ్ళు దేశం తిరిగినవాళ్ళకు వ్యాపారులని పేరు. సరుకు పోయాక అదే తిరుగుడుకు దొంగలని పేరు. మా పక్కనే ఉప్పు మోసిన ఎరుకల వాళ్ళదీ ఇదే కథ. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఆ చూపు చట్టంతో పాటు పోలేదు.

ఈ చూపు గురించి ఒక సంగతి చెప్పాలి. మా తండా నుంచి ఏడుగురం కాలువ దాటి బడికి పోయేవాళ్ళం. కాలువ నిండుగా ఉన్నప్పుడు వంతెన చుట్టూ తిరిగి పోవాలి, గంటసేపు నడక. నీళ్ళు తగ్గితే నేరుగా దిగి ఎక్కి పోతాం. కాబట్టి నీళ్ళు తగ్గితే మాకు సంతోషం. కానీ అవే నెలల్లో కూలి దొరక్క పెద్దవాళ్ళు మూటలు కట్టేవాళ్ళు. ఏడుగురిలో ఒక ఆడపిల్ల లెక్కల్లో మా అందరికంటే ముందుండేది. ప్రతి సంవత్సరం సంక్రాంతి అయ్యాక అమ్మానాన్నలతో మిరపకాయల కోతకు పోయి ఉగాది దాటాక వచ్చేది. వచ్చి మా పుస్తకాలు చూసి రాసుకునేది. ఐదో తరగతిలో వచ్చేసరికి రిజిస్టరులో ఆమె పేరు కొట్టేసి ఉంది. "వీళ్ళకు తిరగడం అలవాటు, చదువు ఎక్కదు" అని ఒక పెద్దమనిషి అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. బయటికి పోయి కాలువలోకి దిగి అవతలి గట్టెక్కి తండా వైపు నడిచిపోయింది. మేము కిటికీలో నుంచి చూశాం. ఒక్కరం కూడా నోరు తెరవలేదు. ఏడుగురిలో పదో తరగతి దాకా వచ్చింది ఇద్దరమే.

మా మొదటి ఉద్యోగం కర్నూలు పడమటి మండలాల్లో. అక్కడ ఈ వలసకు సుగ్గి అని పేరు. సుగ్గికి పోయే లారీ తెల్లవారుజామున వస్తుంది. మూటలు, బియ్యం, గిన్నెలు, కోళ్ళు, పిల్లలు అన్నీ ఎక్కుతాయి. మరుసటి రోజు బడిలో బెంచీలు సగం ఖాళీ. హాజరు వేస్తుంటే ఒక్కో పేరు దగ్గరా ఆగాల్సి వచ్చేది. ఆ లారీని చూసినప్పుడే తాత మాట అర్థమైంది. నీళ్ళు తగ్గిన కాలంలో మనం ఇప్పటికీ కదులుతూనే ఉన్నాం. అప్పుడు ఎద్దులు మనవి, ఉప్పు మనది, దారి మనది. ఇప్పుడు లారీ మేస్త్రీది, మిరపకాయ ఇంకొకరిది. మనది వీపు ఒక్కటే. ఇందులో అలవాటు ఏముంది?

పిల్లలు వెనక ఉండేందుకు సీజనల్ హాస్టళ్ళు వచ్చాయి. మంచిదే. కానీ పెద్దవాళ్ళు నమ్మి వదిలితేనే అది పనిచేస్తుంది. చంటిపిల్లను ఎత్తుకునేది ఎవరు, ముసలివాళ్ళను చూసేది ఎవరు అనే ప్రశ్నలకు మనం కూర్చుని జవాబు వెతకాలి. మేము చేసింది చిన్న పని. సంక్రాంతికి ముందే తండాకు పోయి ఎవరు పోతున్నారో, ఎవరింట్లో పిల్లను ఉంచగలరో రాసుకుంటాం. తప్పనిసరిగా పోయే పిల్లలకు మూడు నెలల పాఠం ఒక నోటుపుస్తకంలో కుట్టి ఇస్తాం. వాళ్ళు అందులో చేసిన లెక్కలే కాదు, కోసిన బస్తాలు, ఇచ్చిన కూలి కూడా రాసుకుని రావాలి. తిరిగి వచ్చాక ఆ పుస్తకమే వాళ్ళ హాజరు. పేరు మాత్రం కొట్టెయ్యం. అందరూ నిలబడ్డారని చెప్పలేం. కొందరు నిలబడ్డారు.

ఆ రోజు కట్ట మీద నుంచి తిరిగి వస్తుంటే ఆ పిల్లాడు మళ్ళీ అడిగాడు: "సార్, అయితే పడవ నిలిచిపోతే తప్పు పడవదా?"

"పడవది కాదురా, నీళ్ళు లేకపోతే పడవేం చేస్తుంది?" అన్నాం.

వాడు కొంచెం దూరం ఊరికే నడిచాడు. తర్వాత, "మా అక్క కూడా మిరపకాయలకు పోయింది సార్. ఆయమ్మి పేరు ఉందా?" అన్నాడు.

ఉంది అని చెప్పాం. బడికి వచ్చాక రిజిస్టరు తీసి చూపించాం కూడా. వాడు ఆ పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, ఇంటికి పోయాడు.