ఏటి బాబూ, నా క్రేన్ ఏదీ?

గోల్కొండ కోట ఎక్కడం ఒక ఎత్తు. ఎక్కాక, పై నుంచి హైదరాబాద్‌ని చూసి నిరాశపడడం ఇంకో ఎత్తు!

నేను మొదటిసారి ఎక్కింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. తెనాలి నుంచి వచ్చి, మణికొండలో ఓ గది తీసుకుని, పత్రికలకి రాసుకుంటున్న కొత్త రోజులవి. ‘హైదరాబాద్ అందమంతా ఒక్క ఫోటోలో కావాలయ్యా’ అన్నారు ఒక ఎడిటర్‌గారు. అదెంత పని అనుకున్నాను! కెమేరా భుజాన వేసుకుని బయల్దేరాను. ముఖద్వారం గుమ్మటం కింద అందరిలాగే నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు కొండ మీద బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందంటారు కదా! నాకు మాత్రం నా ఆయాసమే వినిపించింది.

పైకెక్కి బారాదరి దగ్గర నిలబడి చూస్తే ఏముంది? బూడిదరంగు ఆకాశం, బూడిదరంగు భవనాలు. అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టు కట్టడాలు, వాటి మీద దుమ్ము. ఎటు చూసినా ఇనుప క్రేన్లు! సినిమాల్లో హీరో విమానం దిగగానే మెరిసిపోతూ కనిపిస్తుందే ఒక నగరం, అది ఇదేనా? తీసిన నలభై ఫోటోలనీ ఆ రాత్రే చెరిపేశాను.

తప్పు నగరానిది కాదనీ, నేను వెళ్ళిన వేళదనీ తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

మేకప్ వేసుకునే వేళ

నటీనటులకి మేకప్ ఎలాగో, నగరానికి వెలుగు అలాగ. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు. గోడల మీద నీడలుండవు. నీడ లేనిదే భవనానికి ముక్కూ ముఖమూ తెలియదు. అదే సాయంత్రం అయ్యేసరికి సూర్యుడు కిందికి దిగి పక్క నుంచి వెలుగు వేస్తాడు. ఆ వెలుగు ఎంతో దూరం గాలిలో ప్రయాణం చేసి రావాలి. దారిలో నీలం చెదిరిపోయి, ఎరుపూ పసుపూ మిగులుతాయి. ఇంతకంటే మంచి లైట్‌బాయ్ ఏ స్టూడియోలోనూ దొరకడు!

అంచేత రెండోసారి నవంబరులో, నాలుగు దాటాక ఎక్కాను. ఈసారి పడమర వైపు కాకుండా ఉత్తరానికి తిరిగాను. అంతే, గుండె ఒక్కక్షణం ఆగింది! దగ్గరగా, చెట్ల మధ్య కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు. సరిగ్గా వాటి వెనకాల రాయదుర్గం, హైటెక్ సిటీ మేడలు. నిజానికి ఆ గుమ్మటాలకీ ఆ మేడలకీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం ఉంది. కానీ 200 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి చూస్తే ఆ దూరం మాయం! సుల్తానుల భుజం మీద కంప్యూటర్ కంపెనీ చెయ్యి వేసినట్టుంది. 1518లో మొదలై 1687లో ఔరంగజేబు చేతికి చిక్కిన రాజ్యం ముందు వరసలో, మొన్న మొన్న కట్టిన గాజుమేడలు వెనక వరసలో. ఒకే ఫ్రేములో ఇంత కథ పెట్టడం ఏ డైరెక్టర్‌కి సాధ్యం చెప్పండి?

గబగబా తీస్తూ ఉంటే వెనకాల విజిల్.

“టైమైందన్నా, ఇగ దిగుర్రి!” అన్నాడు కాపలా ఆయన.

“ఒక్క నిమిషం అన్నా, సూర్యుడింకా దిగలేదు!”

“సూర్యునికి డ్యూటీ లేదన్నా. నాకున్నది!”

నవ్వుకుంటూ దిగాను. కార్డులో మాత్రం బంగారం ఉంది.

నా తెలివితేటలు

ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సినిమాకి ఎడిటింగ్ టేబుల్ ఎలాంటిదో ఫోటోకి ఇది అలాంటిది. ముందు ఒరిగిన గీతని నిలబెట్టాను. దూరపు దుమ్మునీ మసకనీ కాస్త తగ్గించాను. నీడల్లో దాక్కున్న గుమ్మటాల గోడలని కొంచెం పైకి తెచ్చాను. కెమేరా ‘రా’ ఫైలులో మన కంటికి కనపడని వెలుగు చాలా దాచి ఉంచుతుంది. దాన్ని బయటికి తియ్యడం తప్పేం కాదు.

అక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు!

మేడల మీద ఏడు క్రేన్లు కనబడ్డాయి. ‘ఛ! ఇవి లేకపోతే ఎంత బాగుండేది’ అనిపించింది. అనిపించడమే ఆలస్యం... పక్కనున్న ఆకాశం ముక్క తీసుకుని ఒక్కొక్క క్రేన్ మీదా అద్దేశాను. ఏడూ పోయాయి. సగం కట్టిన అంతస్తులకి గాజు అతికించాను. ఆకాశం కూడా వెలవెలబోతోందని ఎక్కడో సముద్రం ఒడ్డున తీసిన మబ్బులు తెచ్చి వేశాను. ఇప్పుడీ పనికి సాఫ్టువేరులో ఒక్క బటన్ నొక్కితే చాలు!

ఎడిటర్‌గారు ‘శభాష్!’ అన్నారు. ఫోటో అచ్చయింది. స్నేహితులు ఫోన్ల మీద గోడబొమ్మగా పెట్టుకున్నారు. ‘ఇది హైదరాబాదా? సింగపూర్ అనుకున్నాం’ అన్నాడొకడు. అదేదో పెద్ద బిరుదు వచ్చినట్టు వారం రోజులు తల ఎగరేసుకుని తిరిగాను.

టీబండి దగ్గర

రాయదుర్గంలో ఒక టీబండి దగ్గర పక్కన నిలబడ్డ కుర్రాడు నా ఫోన్‌లోకి తొంగిచూశాడు. పాతికేళ్ళుంటాయేమో. చేతిలో పసుపు హెల్మెట్టు. మాట వింటేనే తెలిసిపోయింది, శ్రీకాకుళం వైపు అని.

“గోల్కొండ నుంచి తీసినారా బాబూ? ఓపాలి సూపెట్టండి!”

గర్వంగా ఇచ్చాను. అతను వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అంటూ మేడలు లెక్కపెట్టాడు. అయిదో మేడ దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. అతని ముఖం మారింది.

“ఏటి బాబూ! నా క్రేన్ ఏటైపోనాది?”

నాకు నోట మాట రాలేదు.

అతను ఆ అయిదో మేడ మీద క్రేన్ ఆపరేటరు. పొద్దున్నే నిచ్చెన మీద అంతెత్తూ ఎక్కి కేబిన్‌లో కూర్చుంటే, మధ్యాహ్నం భోజనానికి గానీ దిగడు. నీళ్ళ సీసా, సెల్‌ఫోన్, చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ... ఇవీ అతని తోడు. అక్కడి నుంచి గోల్కొండ బాగా కనిపిస్తుందట. “ఆ కోట మీంచి సూత్తే నాను కానొత్తానా అనుకునీవోణ్ణి” అన్నాడు. టెక్కలి దగ్గర పల్లెలో వాళ్ళమ్మ ఉంది. ‘పట్నంలో నువ్వెక్కడ పనిచేస్తావురా’ అని అడుగుతుందట. ఎలా చెప్పాలో తెలియక ‘మేడ మీద’ అంటాడట.

“ఈ పోటో ఉంటే మాయమ్మకి సూపెట్టీవోణ్ణి. ఇక్కడే అమ్మా నానుండేది అని. పర్లేదు లెండి బాబూ. క్రేన్ లేకపోతే పోటో బాగుంటాది. నిజమే.”

ఆ ‘నిజమే’ అన్నమాట నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. టీ డబ్బులు నన్నివ్వనివ్వకుండా అతనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

దిద్దడం వేరు, చెరపడం వేరు

ఫోటోని దిద్దడం పాపమా? కాదు. కెమేరా పుట్టినప్పటి నుంచీ దిద్దుతూనే ఉన్నారు. ఫ్రాన్సులో గుస్తావ్ లే గ్రే అనే ఆయన 1857 ప్రాంతంలోనే సముద్రానికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ తీసి రెంటినీ కలిపి అచ్చువేశాడు. ఆ రోజుల నెగెటివ్ మీద నీటికి సరిపడా వెలుగిస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది. కంటికి కనిపించిన మబ్బుని మళ్ళీ కాగితం మీదికి తేవడానికి ఆయన పడ్డ పాట్లవి. మన పాత ఫోటో స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి పెళ్ళికూతురి మొటిమలు మాయం చేసేవారు. సినీతారల స్టిల్స్ సంగతి మీకు నేను చెప్పాలా!

కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా రాజా దీన్‌దయాళ్ ఎన్నో గాజుపలకల మీద ఆనాటి హైదరాబాద్‌ని పట్టి ఉంచారు. 1908లో మూసీకి వరద వచ్చి నగరం రూపు మారిపోయింది. అంతకు ముందు ఇక్కడి వీధులెలా ఉండేవో ఇవాళ మనం చూస్తున్నామంటే అలాంటి బొమ్మల చలవే. ఆయన కూడా నాలాగే ‘ఈ బండి బాగోలేదు, ఈ మనిషి అడ్డం’ అని చెరుపుకుంటూ పోయి ఉంటే?

ఇక మన ‘మాయాబజార్’! 1957లో వచ్చిన ఆ చిత్రంలో ద్వారకానగరం చూశారు కదా? అది బొమ్మల నగరం. 50 అడుగులకి 60 అడుగుల చోటులో సుమారు 300 బుల్లి ఇళ్ళు కట్టి, ప్రతి ఇంటికీ దీపం పెట్టారు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, గోఖలే, కళాధర్‌ల కళ, మార్కస్ బార్ట్‌లీ కెమేరా. నగరం మొత్తం బొమ్మే అయినా అది ఎందుకంత నిండుగా ఉంటుందో నాకు ఆ టీబండి దగ్గర అర్థమైంది. వాళ్ళు ప్రతి ఇంట్లోనూ దీపం పెట్టారు. నేను నిజమైన నగరం తీసి, అందులో మనుషుల దీపాలు ఆర్పేశాను!

మళ్ళీ వెళ్ళాను

డిసెంబరులో ఒక సాయంత్రం అతనికి ఫోన్ చేసి అడిగాను: “తమ్ముడూ, దీపాలు పెట్టేవేళకి నీ క్రేన్ మీద లైటు వెలుగుతుందా?”

“వెలుగుద్ది బాబూ! ఎర్రదీపం. ఇమానాలకి తెలవాలి కదా!”

కోట మీద చీకటి పడేదాకా ఉండనివ్వరు. అంచేత దుర్గం చెరువు ఒడ్డుకి వెళ్ళాను. 2020లో తెరిచిన తీగల వంతెన ఆ చెరువు మీదే ఉంది. రెండు స్తంభాల మధ్య దాదాపు 234 మీటర్ల దూరం. సూర్యుడు అస్తమించాక ఇరవై నిమిషాలకి ఒక తమాషా జరుగుతుంది. ఆకాశం పూర్తిగా నల్లబడదు, నెమలికంఠంలా ముదురు నీలంగా ఉంటుంది. అప్పుడు ఆకాశం వెలుగూ కిటికీల వెలుగూ దాదాపు సమానమవుతాయి. స్టాండు మీద కెమేరా పెట్టి, మీట నొక్కి, కదలకుండా ఊపిరి బిగబట్టాలి. వంతెన తీగలు నీళ్ళలోకి దిగి వణుకుతున్నాయి. గాజుమేడల కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అన్నింటికంటే పైన, సగం కట్టిన మేడ మీద ఒక ఎర్రచుక్క!

అదే మధ్యాహ్నం చూసిన ఇనుప క్రేను. ఇప్పుడు నగరానికి పెట్టిన బొట్టులా ఉంది.

ఆ రాత్రి కూడా దిద్దాను. గీత నిలబెట్టాను. నీలాన్ని నీలంగా ఉంచాను. నీడల్లో క్రేన్ చెయ్యి మసగ్గా ఉంటే కాస్త వెలుగిచ్చి పైకి తెచ్చాను. ఒక్క వస్తువు కూడా చెరపలేదు, తేలేదు.

ఫోటో అతనికి పంపాను. రెండు రోజులకి ఫోన్ వచ్చింది.

“మాయమ్మ సూసినాది బాబూ.”

“ఏమంది?”

“అంతెత్తున సలెయ్యదేట్రా అన్నాది!”

ఇద్దరం నవ్వుకున్నాం. ‘ఎంత అందంగా ఉందిరా’ అనలేదావిడ. కొడుకు కనిపించాడు, అంతే. నా ఫోటోకి ఇంతకంటే మంచి రివ్యూ ఎవరూ రాయలేదు.

మీ చేతుల్లో కూడా కెమేరాలున్నాయి కదా, సెల్‌ఫోన్ అయినా చాలు. మీ ఊళ్ళో ఎత్తయిన చోటొకటి చూసుకోండి. పొద్దెక్కాక కాదు, పొద్దు వాలాక వెళ్ళండి. తీశాక దిద్దండి, తప్పులేదు. చెరిపే ముందు మాత్రం ఒక్కసారి వేలు ఆపి, ‘దీనిలో ఎవరైనా ఉన్నారా?’ అని అడగండి.

మొన్న రాయదుర్గం వెళ్ళాను. అయిదో మేడ పూర్తయింది. నిలువెల్లా గాజు, తళతళ! క్రేన్ విప్పి పట్టుకుపోయారు. కుర్రాడు కోకాపేటలో ఇంకో మేడ మీద ఉన్నాడు. నేను ఆనాడు చెరిపి తయారుచేసిన ఫోటో లాగే ఉందిప్పుడు ఆ చోటు. టీబండి దగ్గర నిలబడి చాలాసేపు పైకి చూశాను. ఎంత వెతికినా ఆ మేడ ఎవరు కట్టారో ఎక్కడా కనపడలేదు.

ఆ ఎర్రచుక్క ఇప్పుడు నా ఫోటోలోనూ, టెక్కలి దగ్గర ఒక ఇంట్లోనూ మాత్రమే ఉంది.