ఎడారిలో ఒక వేలి కణుపు

"డాక్టరుగారూ, ఈ నెల ఆరోగ్యం మీద రెండు పేజీలు వ్రాసివ్వండి" అన్నారు మన కార్యదర్శిగారు. రక్తపోటు గురించీ, చక్కెర వ్యాధి గురించీ నా చేత మీరు వినవలసినంత విన్నారు. అందుకని ఈసారి ఒక ఎముక గురించి వ్రాస్తున్నాను. అది మనం ఉంటున్న ఈ సౌదీలోనే దొరికింది.

దేశానికి ఉత్తరాన నెఫూద్ ఎడారి ఉంది కదా. 2016లో అక్కడ అల్ వుస్తా అనే చోట సౌదీ భూగర్భ సర్వేలో పనిచేసే ఇయాద్ జల్మూత్ అనే శాస్త్రజ్ఞుడి కంట ఒక చిన్న ఎముక పడింది. పొడుగు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. మనిషి చేతి వేలిలో నడిమి కణుపు అది, బహుశా మధ్యవేలిదే. అరబ్బీలో 'వుస్తా' అన్నా నడిమిది అనే అర్థం. కాకతాళీయం!

గుంటూరులో మొదటి సంవత్సరం చదివేటప్పుడు మేమంతా సీనియర్ల దగ్గర ఎముకల పెట్టె కొనుక్కుని మంచం కింద పెట్టుకున్నవాళ్ళమే. పరీక్షలో తొడ ఎముకో, పుర్రో అడుగుతారు గాని వేలి కణుపుల జోలికి ఎవరు వెళతారు? వాటి విలువ నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. యంత్రంలో వేలు నలిగి వచ్చే కూలీలలో మన నిజామాబాదు, కరీంనగరు వాళ్ళు ఎంతోమంది. ఎక్స్‌రే వైపు కాదు, నా మొహం వైపు చూస్తారు. "అమ్మా, వేలు మంచిగయితదా? ఇంటికి పంపిస్తరా?" అని అడుగుతారు. ఆ ఒక్క కణుపు మీద ఒక కుటుంబం నడుస్తూ ఉంటుంది.

ఒక్క కణుపుతో ఇది మన జాతి మనిషిదే అని ఎలా చెప్పారు? నియాండర్తల్ మనుషుల వేళ్ళు పొట్టిగా, వెడల్పుగా ఉండేవి. ఇది సన్నగా, పొడవుగా ఉంది. స్కాన్ తీసి మనుషుల, నియాండర్తళ్ళ, కోతుల ఎముకలతో పోల్చి చూశారు. ఇక వయసు సంగతి. కార్బన్ పద్ధతి 50 వేల ఏళ్ళు దాటితే పనికిరాదు. నేలలోని నీటి ద్వారా ఎముక కొంచెం యురేనియం పీల్చుకుంటుంది. అది కాలక్రమాన థోరియంగా మారుతుంది. ఆ రెండింటి పాళ్ళు కొలిచారు. చుట్టూ ఉన్న ఇసుకకూ, పక్కనే దొరికిన నీటి గుర్రం పన్నుకూ వేరే పరీక్షలు చేశారు. అన్నీ కలిపి 85 నుంచి 90 వేల ఏళ్ళ నాటిదని తేల్చి 2018లో ప్రకటించారు.

నీటి గుర్రం అంటే నీళ్ళుండాలి. అప్పుడు అక్కడ మంచినీటి సరస్సు ఉండేది. వానలు పడేవి, గడ్డి మొలిచేది, జంతువులు వచ్చేవి, వాటి వెనుక మనుషులు వచ్చారు. రాతి పనిముట్లు కూడా అక్కడే దొరికాయి.

మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మన జాతి ఎముకలు సుమారు 3 లక్షల ఏళ్ళ నాటివి. ఇజ్రాయెల్‌లోని మిస్లియా గుహలో దొరికిన దవడ 1 లక్షా 77 వేల ఏళ్ళకు తక్కువ కాదు. అంటే ఆఫ్రికా నుంచి మనిషి ఒక్కసారే బయలుదేరి ప్రపంచమంతా నిండిపోలేదు. ఎన్నోసార్లు వచ్చాడు. వచ్చినవాళ్ళందరూ నిలవలేదు. నేడు ఆఫ్రికా బయట ఉన్న మనుషుల జన్యువులు చాలావరకు 50–60 వేల ఏళ్ళ క్రితం బయటికి వచ్చినవాళ్ళ నుంచే వచ్చాయి. కాబట్టి అల్ వుస్తా మనిషి మన ముత్తాత అయ్యే అవకాశం తక్కువ.

మన వైపు కథ ఇంకోలా ఉంది. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ళ క్రితం చిమ్మిన బూడిద పొర ఉంది. ఆ పొర కిందా, పైనా కూడా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని 2007లో వెల్లడించారు. వాటిని చేసిన చేతి ఎముక మాత్రం ఒక్కటీ దొరకలేదు. అవి మన జాతివాళ్ళు చేసినవేనా అన్న వాదన అందుకే తెగలేదు. రోగి లేకుండా చీటీ ఒక్కటే చూసి జబ్బు చెప్పమన్నట్టుంది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. దానికి పదేళ్ళు, ఇక్కడే పుట్టింది. "మరి వాళ్ళ పిల్లలు ఏమయ్యారమ్మా?" అంది. వానలు పోయాయి, సరస్సు ఎండింది, కొందరు వేరే చోటికి పోయి ఉంటారు, కొందరి వంశం ఇక్కడే ఆగిపోయి ఉంటుంది అన్నాను. "అయితే వాళ్ళది ఏ ఊరు?" అంది.

దానికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. దాని పాస్‌పోర్టు ఇండియాది. ఊరు ఏదంటే గుంటూరు అంటుంది, అక్కడ ఉన్నది వేసవి సెలవుల్లోనే. నడక నేర్చింది ఇక్కడ, స్నేహితులు ఇక్కడ. మా కాంట్రాక్టులు అయిపోయిన రోజున సామాను కట్టుకుని వెళ్ళాలి. మనలో చాలామంది ఇళ్ళలో ఇదే సంగతి. అందుకే కాబోలు, ఇక్కడి ఏళ్ళను లెక్కలోకి రాని ఏళ్ళుగా చూస్తాం. కొత్త పరుపు కొనాలన్నా "ఎన్నాళ్ళుంటాం లెండి" అంటాం.

నాకు తోచింది చెబుతాను. ఆ సరస్సు ఒడ్డున ఒకరు నీళ్ళు తాగారు, రాయి చెక్కారు, ఆ వేలితోనే ఏ పిల్లకో అన్నం లాంటిది తినిపించి ఉంటారు. వంశం నిలవనంత మాత్రాన ఆ బతుకు అబద్ధం కాదు. వాళ్ళున్నన్నాళ్ళూ అది వాళ్ళ ఊరే. మా అమ్మాయికి మర్నాడు అదే చెప్పాను. మీ పిల్లలు అడిగితే మీరూ చెప్పండి. పరుపు కూడా కొనుక్కోండి. నడుముకు మంచిది. ఆరోగ్యం మీద వ్రాయలేదని కార్యదర్శిగారు అనకుండా ఇదొకటి!