నీ ఏడుపుకి నేనిచ్చిన జాబితా

రాజమండ్రి,
కార్తీక సోమవారం, రాత్రి

చిట్టీ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వాట్సాప్ ఉండగా ఈ కాగితమేమిటే అంటావని తెలుసు. ఫోనులో నువ్వు గలగలా మాట్లాడేస్తుంటే నేను చెప్పాలనుకున్నది గొంతు దాటేలోపే "సర్లేవే, ఉంటా మరి" అంటావు. కాగితం మీదైతే నువ్వు అడ్డురాలేవు.

మీ అమ్మగారు పోయినప్పటి సంగతే. పదో రోజు సాయంత్రం మీ వీధరుగు మీద నువ్వు నా భుజాన తల పెట్టి ఏడుస్తున్నావు. నేనేం చేశాను? క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు రాయడం మొదలెట్టాను. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎన్ని తీసుకోవాలి, పెన్షను ఆపమని ఎవరు రాసివ్వాలి, లాకరు తాళం ఎవరి దగ్గరుంది... "ఒక్క నిమిషం నోరుమూసుకుని కూచోలేవుటే!" అన్నావు. మర్నాడు నేను వస్తే ఎవరో చుట్టాన్ని పలకరించినట్టు కాఫీ ఇచ్చావు. డాలస్ వెళ్ళాక ఉగాదికో ఫోను, పుట్టినరోజుకో ఫోను. రెండేళ్ళు ఇలాగే నడిచింది. సాయం చేస్తే తప్పు పట్టిందని నేనూ బిర్రబిగుసుకున్నాను.

పోయిన నెల మా బ్యాంకువాళ్ళు మూడు రోజుల ట్రైనింగుకి హైదరాబాదు పంపారు. రిటైరవబోయే వయసులో నాకెందుకని గొణుక్కుంటూ వెళ్ళాను. తొంభై చిల్లర ప్రశ్నల కాగితం ఇచ్చి టిక్కులు పెట్టించి, చివర్న ఒక్కొక్కరి చేతిలో నాలుగక్షరాలు పెట్టారు. మనుషులు మొత్తం పదహారు రకాలట. నాది ఐఎస్‌టీజే. అంటే లోపల్లోపల ఆలోచించుకునేది, వివరాలు పట్టుకు వేలాడేది, మనసు కన్నా లెక్కని ముందు పెట్టేది, అన్నీ ముందే సర్దుకునేది. కాలేజీలో నువ్వు నాకు పెట్టిన "హెడ్డు గుమాస్తా" పేరుకి అమెరికావాళ్ళు ఇంత హంగామా చేశారన్నమాట.

గుమాస్తాని కదా, మూలం దాకా తవ్వాను. ఈ పరీక్షని తయారుచేసింది తల్లీకూతుళ్ళు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్. ఇద్దరిలో ఎవరూ సైకాలజీ పట్టా పుచ్చుకున్నవాళ్ళు కారు. కూతురు అంతకు ముందు డిటెక్టివ్ నవల కూడా రాసిందట! రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పాలని ఆవిడ ఈ ప్రశ్నలు అల్లడం మొదలెట్టింది. 1962లో అచ్చయింది. దానికి పునాది మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో రాసిన పుస్తకం. మనుషుల్ని అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విడదీసి చెప్పడానికి ప్రచారం తెచ్చింది ఆ పుస్తకమే.

అసలు నా మనసు పట్టుకున్నది ఆ పుస్తకం వెనక కథ. యూంగ్, ఫ్రాయిడ్ 1907లో వియన్నాలో మొదటిసారి కలిసిన రోజు దాదాపు పదమూడు గంటలు మాట్లాడుకున్నారట. యూంగే చెప్పుకున్నాడు. (మనం ఇంటర్మీడియట్ ఆఖరి పరీక్ష రాసి గోదావరి గట్టున కూచున్న రోజు గుర్తొచ్చింది. మనది ఐదు గంటలే అనుకో, మీ నాన్నగారు టార్చిలైటుతో వచ్చేశారు.) 1913లో ఇద్దరికీ చెడింది. ఇక మన మధ్య సొంత మాటలు వద్దని ఫ్రాయిడ్ ఉత్తరంలోనే తేల్చేశాడు. తన చూపు ఫ్రాయిడ్ చూపుతోనూ, ఇంకో మనస్తత్వవేత్త ఆడ్లర్ చూపుతోనూ ఎందుకు కలవలేదో తేల్చుకోవాలనే తపన లోంచి ఆ పుస్తకం పుట్టిందని తర్వాత యూంగే రాసుకున్నాడు. అంత పెద్ద పుస్తకమూ రాశాడు గానీ, పోయిన స్నేహితుడు మాత్రం తిరిగి రాలేదు.

ఇదంతా నమ్మేశాననుకోకు. నా నాలుగక్షరాల వర్ణన ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆయన "ఇది నాకూ సరిపోతుందే!" అన్నారు. ఆయన మాటకీ ఓ శాస్త్రం ఉంది. 1948లో ఫోరర్ అనే ప్రొఫెసరు విద్యార్థులకి పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్ళకని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులో వాక్యాలు చాలా వరకు జాతకాల పుస్తకం లోవి. నీకు ఎంత సరిపోయిందో మార్కులెయ్యమంటే సగటున ఐదుకి నాలుగు దాటాయి! పైగా ఈ పదహారు రకాల పరీక్ష కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి వేరే అక్షరాలొస్తాయి. ఇప్పటి సైకాలజీవాళ్ళు గళ్ళలో వెయ్యరు, ఐదు గుణాలు పెట్టుకుని ఏది ఎంత పాళ్ళలో ఉందో చూస్తారు. కూరలో ఉప్పుందా లేదా అని కాదు, ఎంత పడిందని. మా అత్తగారికి ఇవేవీ అక్కర్లేదు, నీ గురించి "దానిది వాత తత్వం, వాగకుండా ఉండలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పుర్రెకో బుద్ధి అని మనవాళ్ళు ఊరికే అన్నారా!

అయినా ఆ ట్రైనింగు ఒకచోట పనికొచ్చింది. మా బ్రాంచిలో ఒక కుర్రాడున్నాడు, మీటింగులో నోరు విప్పడు. వీడికి ఏమీ తెలియదని తీసిపారేశాను. తిరిగొచ్చాక ఏం మాట్లాడుకోబోతున్నామో ముందురోజు సాయంత్రమే రాసిచ్చాను. పొద్దున్నే నిండుగా ఒక పేజీ రాసుకుని వచ్చాడు. అప్పటికప్పుడు అడిగితే బిగుసుకుపోయే మనిషి, అంతే. ఎఫ్‌డీ రెన్యువల్‌కి వచ్చే పెద్దాయన ఒకరు ముందు నా పిల్లల గురించి అడక్కుండా కాగితం ముట్టుకోరు. పని చెడగొడుతున్నారని విసుక్కునేదాన్ని. ఆయనకి ఆ పలకరింపే పని, సంతకం తర్వాతి మాట.

అలా ఒకరోజు కౌంటరు మూసేస్తూ ఉంటే నీ అరుగు గుర్తొచ్చింది.

మా నాన్న పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు, నీకు తెలుసు. పెళుసైన ఆయన పాత రేషను కార్డు ఫోటోకాపీ తీయిస్తూ షాపులో చేతులు వణికాయి. నా ఏడుపు అలాగే వస్తుందే, జాబితాగా. ఆ రోజు క్యాలెండరు కాగితం మీద రాసింది కూడా అదే. మీ అమ్మగారు నాకూ అన్నం పెట్టిన మనిషి. కానీ నా ఏడుపు నీకు ఆఫీసు కాగితంలా కనబడింది, నీ ఏడుపు నాకు తీర్చాల్సిన పనిలా కనబడింది. అక్షరాలు చూపించి నేను అంతేనని తప్పించుకోనులే. ఐఎస్‌టీజే అయినా పది నిమిషాలు చెయ్యి పట్టుకుని కూచోగలదు. నేను కూచోలేదు. తప్పు నాదే.

నువ్వు జవాబు రాయక్కర్లేదు, కలం పడితే నీకు నిద్రొస్తుంది. వాయిస్ మెసేజీలు పంపు, ఎంత పొడుగైనా సరే. మొదట్లోనే "ఊరికే చెబుతున్నా"నో "ఏం చెయ్యమంటావ్"నో ఒక్క మాట అనేసెయ్. మొదటిదైతే పెన్ను ముట్టుకోను, ఒట్టు. విన్నాక మర్నాటికి గానీ నాకు మాట రాదు. ఆలస్యమైతే అలిగాననుకోకు.

నీ,
హెడ్డు గుమాస్తా