కలలో దొరికిన బాణీ

మా అమ్మాయి తలగడ పక్కన ఫోన్ పెట్టుకుని పడుకుంటుంది. ఈ కాలం పిల్లలందరూ అంతే కదా అంటారేమో. ఇది వేరు. రాత్రి ఏ రెండింటికో మూడింటికో లేచి, కళ్ళు కూడా తెరవకుండా అందులోకి ఏదో కూనిరాగం తీసి మళ్ళీ పడుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు జ్వరంతో కలవరిస్తోందనుకుని నుదురు పట్టుకుని చూశాను. "అమ్మా, నీ మాటలు కూడా రికార్డయిపోయాయి" అని పొద్దున్నే విసుక్కుంది.

పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి పాటలు. సినిమాకి కాదు, ఎవరో అడిగీ కాదు. తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, బయటి చప్పుడు రాకుండా తలుపుకి దుప్పట్లు వేలాడదీసి పాడుకుని, యూట్యూబ్‌లో పెడుతుంది. వీటిని ఇండిపెండెంట్ పాటలంటారట. "డబ్బులొస్తాయా?" అని వాళ్ళ నాన్న అడగడం మానేసి ఏడాదైంది.

కిందటి నెల ఓ ఆదివారం పప్పుకి తాలింపు వేస్తుంటే వచ్చి, "ఇది ఏదైనా పాత సినిమా పాటలా ఉందా, చెప్పు" అని ఒక బాణీ వినిపించింది. లేదన్నాను. అయినా దానికి నమ్మకం లేదు. కలలో వచ్చింది కదా, ఎక్కడో విన్నదే అయి ఉంటుందని భయం. బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీకి 'యెస్టర్‌డే' బాణీ కూడా నిద్రలోనే వచ్చిందట. ఇది ఎవరిదో పాటేమోనని కనపడ్డవాళ్ళనల్లా అడిగాడట. మాటలు కుదిరేదాకా 'స్క్రాంబుల్డ్ ఎగ్స్' అంటూ పిచ్చి మాటలతో పాడుకున్నాడట. 1965లో ఆ పాట బయటికొచ్చింది. ఇదంతా చెప్పి, తను పెట్టుకున్న పిచ్చి మాటలు వినిపించింది: "ఉప్పు తక్కువ, పప్పు ఎక్కువ." నా వంట మీదే!

నవ్వుతూనే ఉన్నాను, వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టేశాయి. మూడు, నాలుగు. మూడు, నాలుగు. అరే, మిశ్రగతి! గురజాడ ముత్యాలసరం నడక! బి.ఏ.లో మాత్రలు లెక్కించి పాతికేళ్ళు. చెబితే మా అమ్మాయి నోరు తెరిచింది. "ఇవన్నీ నీకు తెలుసా?" అంది. తెలుసు. ఎవరూ అడగలేదంతే.

"ఇంతకీ కలలో ఏం కనిపించింది?" అన్నాను ఊరికే.

"అమ్మమ్మ. బావి దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ పాడుతోంది. మాటలు వినపడలేదు, రాగం ఒక్కటే."

స్టవ్ కట్టేశాను. మా అమ్మ పోయి ఐదేళ్ళు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ నా కలలోకి రాలేదు. ఆఖరి రోజుల్లో నేను దగ్గర లేను. ఈ పిల్లకే ఇంటర్ పరీక్షలు, అవయ్యాక వెళ్దామని ఆగాను. అమ్మ ఆగలేదు. అలాంటిది దీని కలలోకి వచ్చి, పాట కూడా పాడి వెళ్ళిందా? చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ పూట కన్నకూతురి మీద అసూయ కలిగింది. ఆ పాట ఎక్కడా పెట్టొద్దన్నాను, కాస్త గట్టిగానే. అది బిక్కమొహం వేసి, కాసేపటికి "సరే, పెట్టను. కానీ మాటలు మాత్రం నువ్వు రాయి" అంది.

రాత్రి నిద్ర పట్టలేదు. రాయలవారికి కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద తెలుగులో చెప్పమన్నాడు. తిక్కనగారికైతే, విరాటపర్వం మొదట్లో, తండ్రి కొమ్మనే కలలోకి వచ్చాడు. హరిహరనాథుడి మాట కొడుక్కి చేరవేశాడు. కావ్యాలకి ఇదో ఆనవాయితీ అనుకుని, బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఇప్పుడు ఆ తిక్కనగారి మీద కూడా అసూయే. తండ్రి వచ్చాడు కదా!

పాల లెక్క పుస్తకం వెనక నాలుగు పాదాలు రాశాను. రెండు రోజులు పట్టింది. చేటలో బియ్యం, రాళ్ళు ఏరే వేళ్ళు, గాజుల చప్పుడు, అంతే. 'జ్ఞాపకం' అన్న మాట రానివ్వలేదు, ఈమధ్య పాటల్లో అది మరీ అరిగిపోయింది. అమ్మాయి చదివి, వేళ్ళు మడిచి, "మూడో పాదంలో ఒక మాత్ర ఎక్కువైందమ్మా" అంది. నేర్పి వారం కాలేదు! లెక్కపెట్టి చూస్తే నిజమే.

పాట ఇంకా బయటికి రాలేదు. పెట్టుకోమనే చెప్పాను, రెండో చరణం అవ్వాలంటోంది. నేనూ వారం నుంచి ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను. అలారం కోసమనుకుంటున్నారు మా ఆయన.