లక్ష్మీ... గట్టెక్కమ్మా!

గోదారి లంకల్లో గొడ్డుకీ ఓ పేరుంటుంది. అది ముద్దు కోసమే కాదు... వరదొచ్చిన రాత్రి అక్కరకొచ్చేదీ ఆ పేరే!

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది. 17.75 అడుగులకు మూడోది. కనకాయలంక లాంటి ఊళ్లలో మాత్రం అంతదాకా ఆగరు. ఏరు ఎర్రబడి ఒడ్డును కోస్తోందంటేనే బియ్యం బస్తా అటకెక్కుతుంది. పశువుల పలుపులు విప్పేస్తారు. వాటిని ఎలాగైనా ఏటిగట్టు మీదకు చేర్చాలి.

చీకటి... వాన... మోకాళ్లలోతు నీళ్లు. బెదిరిన గొడ్డు ఎటు పరుగు తీస్తుందో తెలీదు. అప్పుడు మొదలవుతాయి పిలుపులు. 'లక్ష్మీ, రావే తల్లీ...', 'గౌరీ, ఇటు ఇటు...', 'ఒరే రాముడూ, ఆగరా!'

కొత్తవాళ్లెవరైనా వింటే ఇంట్లో పిల్లల్ని పిలుస్తున్నారనే అనుకుంటారు. కాసేపటికి మెడలో గంట మోగించుకుంటూ ఓ ఆవు వచ్చి పక్కన నిలబడుతుంది!

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోటెత్తింది. 2022 జులైలోనూ 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు గట్టు మీద గొడ్లను చూసుకునేది లెక్కపెట్టి కాదు, పేరుపేరునా. నాలుగింటిలో ఒకటి తగ్గిందని కాదు... 'గంగ రాలేదు' అంటారు. ఒకరు మళ్లీ నీళ్లలోకి దిగుతారు.

అత్తగారి పేరు కుదరదు!

పశువులకు పేరు పెట్టడానికీ కొన్ని పద్ధతులున్నాయి. శుక్రవారం పుట్టిన పెయ్య లక్ష్మి. మిగతావి గౌరి, గంగ, తులసి. ఎద్దుల జత అయితే రాముడూ లక్ష్మణుడూ. ఒంటిరంగును బట్టి ఎర్రోడు, మైలోడు. ఏమీ తోచకపోతే కాడికి ఏ వైపు కడతారన్నదే పేరు... ఎడమ వైపుది దాపలెద్దు, కుడి వైపుది వలపలెద్దు. గేదెలకు మాత్రం ఈ భోగం కాస్త తక్కువే. కొమ్ముల వంపో, నుదుటి మీది చుక్కో... అదే గుర్తు, అదే పిలుపు.

ఎంత ముద్దొచ్చినా ఇంట్లో పెద్దల పేరు మాత్రం పెట్టరు. కారణం ఉంది. వెనకటి రోజుల్లో కోడళ్లు అత్తమామల పేరు, మొగుడి పేరు నోటితో పలికేవారు కాదు. ఆవుకి అత్తగారి పేరే పెడితే ఇక పాలు పితకడానికి దాన్నేమని పిలవాలి!

సంక్రాంతికి వచ్చే గంగిరెద్దుల వాళ్లదీ ఇదే వరస. ఎద్దు రాముడు, ఆవు సీత. ముంగిట్లో సన్నాయి మధ్య వాటికి పెళ్లి చేసి చూపిస్తారు. ఆ మర్నాడే కనుమ... ఇంటింటా గొడ్లకు స్నానాలు, కొమ్ములకు రంగులు.

టామీ ఏ ఊరివాడు?

కొట్టంలో గొడ్డుకి దేవుడి పేరు. వీధి అరుగు కింద కుక్కకేమో దొరగారి పేరు! టామీ, జిమ్మీ, జానీ... ఇంగ్లిషు ఇళ్లల్లో థామస్‌నీ జేమ్స్‌నీ జాన్‌నీ ముద్దుగా పిలిచే పేర్లివి. కాటన్ దొర ఆనకట్ట కట్టిన డెల్టా ఇది. 1954 దాకా ఫ్రెంచివాళ్లు ఏలిన యానాం ఇక్కడిదే. దొరలు వెళ్లిపోయారు, పేర్లు కుక్కల దగ్గర మిగిలాయి.

తమాషాగా మొదలైనా ఇందులో ఓ చిక్కుంది. 1830ల్లోనే నర్సాపురానికి క్రైస్తవ మిషనరీలు వచ్చారు. ఈ సీమలో థామస్, జాన్ అంటే పక్కింటి మనుషులే. ఇంట్లో పిల్లాణ్ని జానీ అని పిలుచుకుంటుంటే ఎదురింటి అరుగు మీద కుక్క తోకాడిస్తే ఎలా ఉంటుంది? రాజు, రాణి అని పెట్టినా అంతే. అందుకే తెలిసినవాళ్లు కుక్కకు పేరు పెట్టేముందు చుట్టుపక్కల నాలుగిళ్లూ చూసుకుంటారు. ఇప్పుడు రాజమహేంద్రవరం అపార్టుమెంట్లలో బుజ్జి, చింటూ, లడ్డూ వచ్చేశాయి. ఆ లిఫ్టులో ఎవర్ని పిలిచారో చూస్తేగానీ తెలీదు!

పందెంకోడికి మాత్రం...

ఇన్ని పేర్లు పెట్టే సీమలో మనిషి పేరుకు నోచుకోనిది ఒకటుంది. పందెంకోడి! బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి, పసిబిడ్డలా సాకుతారు. పిలిచేది మాత్రం ఈకల రంగుతోనే. డేగ, కాకి, నెమలి, సేతు, పింగళ... అంతే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వద్దంటున్నా భీమవరం చుట్టుపక్కల సంక్రాంతికి బరులు వెలుస్తూనే ఉన్నాయి. కాలికి కత్తి కట్టి దింపే కోడిని 'రాముడూ' అని పిలిచి ఉంటే, దింపే చెయ్యి కాసేపైనా ఆగదూ?

పేరు పెడితే పాలెక్కువ!

పేరుతో పిలవడం ఉత్త ముచ్చటేనా? బ్రిటన్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీ పరిశోధకులు 516 మంది పాడిరైతులను అడిగి చూశారు. ఆవుల్ని పేర్లతో పిలిచే చోట ఒక్కో ఆవు ఏడాదికి సగటున 258 లీటర్ల పాలు ఎక్కువిస్తోందని 2009లో తేల్చారు. పేరులో మహిమేమీ లేదు. పేరు పెట్టినవాడు దగ్గరకెళ్తాడు, నిమురుతాడు, మేత తగ్గితే పసిగడతాడు. బెదురులేని ఆవు పాలు చేపుతుంది. 2019లో జపాన్ పరిశోధకులు పిల్లుల్నీ పరీక్షించారు. మిగతా మాటల్లోంచి తమ పేరును అవి గుర్తుపడుతున్నాయట. పిలిస్తే రావడం మానడం మాత్రం వాటిష్టం!

ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాక డెల్టాలో కాడెద్దులు తగ్గిపోయాయి. వాటితోపాటే రాముళ్లూ లక్ష్మణులూ తగ్గారు. పాడి మిగిలిన ఇళ్లల్లో లక్ష్ములూ గౌరులూ ఇంకా ఉన్నారు. ఏ పెళ్లి ఖర్చుకో, అప్పుకో వాటినీ సంతకు తోలక తప్పని రోజొకటి వస్తుంది.

బేరం కుదిరి డబ్బు చేతిలో పడ్డాక చాలామంది రైతులు పలుపు విప్పేసుకుంటారు. అది ఇస్తే ఇంట్లో పాడి పోతుందని నమ్మకం. కొన్నవాడు తన తాడు కట్టుకుంటాడు. నాలుగడుగులు వేశాక అమ్మినవాడు వెనక నుంచి కేకేస్తాడు.

"దీని పేరు లక్ష్మండీ... అలా పిలిస్తేనే వస్తదండి."

తాడు తన దగ్గరే ఉంచుకున్నాడు. పేరు మాత్రం దాంతోపాటే పంపించాడు. ఆ ఊరికీ వరదొస్తుంది కదా!